ఫోనులో డాక్టరమ్మ

ఒక పల్లెటూరు. ఆ ఊరి నుంచి మండలం టౌనుకు పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. ఆ ఊళ్ళో ఒక అత్త, ఒక కోడలు ఉన్నారనుకుందాం.

అత్తకు షుగరు ఉంది. బి.పి. కూడా ఉంది. నెలకోసారి టౌనుకు వెళ్ళాలి. అక్కడ ఒక డాక్టరమ్మ సొంతంగా చిన్న ఆసుపత్రి పెట్టుకున్నారు. పొద్దున బస్సు ఎక్కితే ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతుంది. తోడుగా కోడలు పోవాలి. ఆ రోజు ఇద్దరి కూలీ పోతుంది. బస్సు చార్జీలు, టిఫిను ఖర్చు, డాక్టరు ఫీజు, మందుల ఖర్చు. అందుకే అత్త ఒక నెల వెళ్తే రెండు నెలలు వెళ్ళేది కాదు. మందులు అయిపోతే అయిపోయినట్టే.

ఒకసారి డాక్టరమ్మ అన్నారు:

"ప్రతిసారీ రానక్కర్లేదు పెద్దమ్మా. మీ ఊళ్ళోనే నర్సమ్మ దగ్గర బి.పి., షుగరు చూపించుకోండి. ఆ అంకెలు నాకు ఫోనులో చెప్పండి. నేను ఫోనులోనే చూసి మందులు రాస్తాను. మూడు నెలలకోసారి మాత్రం తప్పకుండా రండి."

అత్త నవ్వింది.

"ఫోనులో చూస్తారా? నాడి పట్టకుండా వైద్యం ఏంటమ్మా?" అన్నది.

అత్త అడిగింది మంచి ప్రశ్నే. ఫోనులో వైద్యం ఎలా జరుగుతుంది? అది ఎంతవరకు పనికొస్తుంది? ఎక్కడ పనికిరాదు? ఈ సంగతులు తెలుసుకుందాం.

దూర వైద్యం అంటే ఏమిటి?

డాక్టరు ఒకచోట ఉంటారు. రోగి ఇంకోచోట ఉంటారు. ఫోనులో మాట్లాడి, వీడియోలో చూసి, రాతలో అడిగి వైద్యం చేస్తారు. దీన్నే టెలిమెడిసిన్ అంటారు. టెలి అంటే దూరం. మెడిసిన్ అంటే వైద్యం. మనం దూర వైద్యం అనవచ్చు.

ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. 2000 సంవత్సరంలోనే చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో ఆసుపత్రి వాళ్ళు దూర వైద్య కేంద్రం పెట్టారు. అరగొండ ఒక పల్లె. అక్కడి రోగిని దూరాన పట్నంలో ఉన్న పెద్ద డాక్టర్లు తెర మీద చూసేవారు. అప్పుడు దానికి చాలా సామాను కావాల్సి వచ్చేది. చిన్న డాక్టర్లకు అది అందేది కాదు.

తర్వాత చేతి ఫోన్లు వచ్చాయి. వాటిలో కెమెరా వచ్చింది. ఇంటర్నెట్ వచ్చింది. ఇప్పుడు పెద్ద సామాను అక్కర్లేదు. ఒక ఫోను చాలు.

అయినా డాక్టర్లు వెనకాడేవారు. ఫోనులో మందు రాస్తే తప్పవుతుందేమో అని భయపడేవారు. ఎందుకంటే దీనికి స్పష్టమైన నియమాలు లేవు. 2020లో కరోనా వచ్చింది. మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. సరిగ్గా అదే రోజున కేంద్ర ప్రభుత్వం దూర వైద్యానికి నియమాలు ప్రకటించింది. రిజిస్టరయిన డాక్టరు ఎవరైనా ఫోనులో వైద్యం చేయవచ్చు అని చెప్పింది. పెద్ద ఆసుపత్రి డాక్టరైనా సరే, ఒక్క గది ఆసుపత్రి డాక్టరైనా సరే. అప్పటి నుంచి చిన్న డాక్టర్ల పని తీరు మారుతూ వస్తోంది.

చిన్న ఆసుపత్రిలో ఏం మారింది?

మన డాక్టరమ్మ ఆసుపత్రినే చూద్దాం. అది రెండు గదుల ఆసుపత్రి. ఒక నర్సు, ఒక కాంపౌండరు ఉన్నారు.

వెనక అక్కడ ఎలా ఉండేది? పొద్దున్నే జనం వచ్చి బల్ల మీద కూర్చునేవారు. ముందు వచ్చినవారిది ముందు. ఒక్కోసారి మధ్యాహ్నం దాకా వంతు వచ్చేది కాదు. పాత చీటీ తెచ్చినవారికి పాత సంగతులు తెలిసేవి. చీటీ పోగొట్టుకున్నవారికి మళ్ళీ మొదటి నుంచే.

ఇప్పుడు ఫోను చేస్తే టోకెన్ నంబరు ఇస్తారు. ఏ వేళకు రావాలో చెబుతారు. ఆ వేళకు వస్తే చాలు.

రోగి పేరు, వయసు, బి.పి., షుగరు, వాడిన మందులు అన్నీ కంప్యూటరులో ఎక్కిస్తారు. చీటీ పోయినా ఫరవాలేదు. నిరుడు షుగరు ఎంత ఉందో, ఈ ఏడు ఎంత ఉందో పక్కపక్కన కనిపిస్తుంది.

ఇంకో మార్పు ఉంది. ఎవరికైనా గుండెలో నొప్పి అంటే డాక్టరమ్మ ఇ.సి.జి. తీస్తారు. ఇ.సి.జి. అంటే గుండె కొట్టుకునే తీరును గీతలుగా చూపే పరీక్ష. ఆ కాగితాన్ని ఫోటో తీసి పట్నంలోని గుండె డాక్టరుకు పంపుతారు. ఆయన చూసి, రోగిని వెంటనే పంపాలా, ఇక్కడే చూడవచ్చా అన్నది చెబుతారు. వెనక అనుమానం వస్తే చాలు, పట్నానికే పంపేవారు. ఇప్పుడు అవసరమైనవారినే పంపుతారు. అవసరమైనవారిని ఆలస్యం లేకుండా పంపుతారు.

'ఆభా' అనే ఆరోగ్య నంబరు కూడా వచ్చింది. దానిలో 14 అంకెలు ఉంటాయి. ఒక ఆసుపత్రిలోని మన కాగితాలను, మనం ఒప్పుకుంటే, ఇంకో ఆసుపత్రి డాక్టరు చూడటానికి అది ఉపయోగపడుతుంది. ఇది తీసుకోవాలా వద్దా అన్నది మన ఇష్టం. మనం ఒప్పుకోకుండా మన కాగితాలు చూడకూడదు.

డాక్టరమ్మకూ కష్టాలున్నాయి

కొత్త పద్ధతి వల్ల డాక్టరమ్మకు అంతా సుఖమే అనుకోకండి.

కంప్యూటరు కొనాలి. ఇంటర్నెట్‌కు నెలనెలా డబ్బు కట్టాలి. కరెంటు పోతే పని ఆగిపోతుంది. పెద్ద ఆసుపత్రిలో కంప్యూటరు పని చూసేందుకు వేరే మనుషులు ఉంటారు. ఇక్కడ అన్నీ తానే చూసుకోవాలి. రోగి ముఖం చూడాల్సిన వేళ కంప్యూటరు తెర చూడాల్సి వస్తుంది.

ఫోను నంబరు అందరికీ తెలిసిపోతుంది. రాత్రి 11 గంటలకు కూడా ఫోను మోగుతుంది. "ఒక్క మాటే కదా" అని అడుగుతారు. కానీ డాక్టరుకు ఒక్క మాట చెప్పాలన్నా పాత కాగితం చూడాలి, ఆలోచించాలి, చీటీ రాయాలి. అందుకే ఫోనులో చూసినా ఫీజు తీసుకునే హక్కు డాక్టరుకు ఉంది. తీసుకున్న ఫీజుకు రసీదు ఇవ్వాలి. రసీదు అడిగే హక్కు మనకు ఉంది.

అన్నిటికంటే పెద్ద కష్టం ఇంకొకటి. చేత్తో పట్టి చూడలేనప్పుడు పొరపాటు జరగవచ్చు. ఫోనులో చెప్పినా, ఎదురుగా చెప్పినా బాధ్యత డాక్టరుదే. అందుకే మంచి డాక్టరు ఒక్కోసారి "ఇది ఫోనులో చెప్పేది కాదు, రండి" అంటారు. అలా అంటే కోపం తెచ్చుకోకూడదు. ఆ మాట మన మంచికే.

ఫోనుకు కనపడని పుండు

అత్త, కోడలు ఏం చేశారో చూద్దాం.

రెండు నెలలు ఫోనులోనే గడిచాయి. నర్సమ్మ బి.పి. చూసి అంకెలు రాసి ఇచ్చేది. కోడలు ఆ అంకెలు చదివి డాక్టరమ్మకు చెప్పేది. కూలీ పోలేదు. మందులు ఆగలేదు. అత్తకు కూడా నచ్చింది.

మూడో నెల వచ్చింది. టౌనుకు వెళ్ళాల్సిన నెల. కానీ కోతలు మొదలయ్యాయి.

"ఈ నెల కూడా ఫోనులోనే చెప్పు పిల్లా. నాకేం జబ్బు? బాగానే ఉన్నాను" అన్నది అత్త.

కోడలు వీడియో ఫోను చేసింది. డాక్టరమ్మ అడిగారు:

"పెద్దమ్మా, కాళ్ళు ఎలా ఉన్నాయి?"

"బాగానే ఉన్నాయమ్మా. నొప్పే లేదు."

కోడలు ఊరుకోలేదు. "లేదండీ. అత్త కాలి బొటనవేలి కింద పుండు పడింది. పది రోజులయింది. గుడ్డ చుట్టుకుని పనికి పోతోంది" అన్నది.

"చిన్న పుండే. ముల్లు గుచ్చుకుంది. నొప్పి కూడా లేదు" అన్నది అత్త.

డాక్టరమ్మ గొంతు మారింది.

"నొప్పి లేకపోవడమే నాకు భయం పెద్దమ్మా. షుగరు చాలా కాలం ఉంటే కాళ్ళలో నరాలు మొద్దుబారతాయి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. నిప్పు తగిలినా తెలియదు. పుండు లోపలికి పోయినా తెలియదు. ఫోనులో నాకు పైన గుడ్డ కనపడుతోంది. పుండు లోతు కనపడదు. వాసన తెలియదు. కాలు వేడిగా ఉందో, చల్లగా ఉందో తెలియదు. రేపు పొద్దున బస్సుకు రండి."

"కోతలమ్మా..."

"కోతలు వచ్చే ఏడు కూడా వస్తాయి. కాలు మళ్ళీ రాదు."

మర్నాడు ఇద్దరూ టౌనుకు వెళ్ళారు. డాక్టరమ్మ పుండు కడిగారు. లోపల చీము పట్టింది. ఎముక దాకా పోలేదు. కట్టు కట్టి, మందులు రాశారు. రెండు రోజులకోసారి కట్టు మార్చాలన్నారు. ఆ పని ఊళ్ళో నర్సమ్మ చేసింది. కట్టు మార్చినప్పుడల్లా కోడలు ఫోటో తీసి డాక్టరమ్మకు పంపింది. పుండు మానుతోందా లేదా అన్నది డాక్టరమ్మ అక్కడి నుంచే చూశారు.

చూశారా? ఒకే జబ్బుకు రెండు దారులూ కావాల్సి వచ్చాయి. పుండు కడగటానికి మనిషి వెళ్ళాలి. మానుతోందో లేదో చూడటానికి ఫోను చాలింది.

ఏ వేళ ఫోను? ఏ వేళ బస్సు?

ఫోనులో అడగదగినవి ఇవి:

- ఎప్పుడూ వాడే బి.పి., షుగరు మందులు మళ్ళీ రాయించుకోవడం
- పరీక్షల కాగితాలు చూపించడం
- మందు ఎలా వేసుకోవాలో అడగడం
- మామూలు జలుబు, చిన్న దురద వంటివి
- ఆసుపత్రికి రావాలా, అక్కర్లేదా అని అడగడం

ఫోనులో డాక్టరు కోసం చూస్తూ కూర్చోకూడనివి ఇవి:

- గర్భిణికి రక్తం పోవడం, మూర్ఛ రావడం, తీవ్రమైన తలనొప్పి, కళ్ళు మసకలు కమ్మడం, కడుపులో బిడ్డ కదలిక తగ్గడం
- గుండెలో నొప్పి, ఊపిరాడకపోవడం
- మూతి వంకర పోవడం, ఒక చెయ్యి, ఒక కాలు పడిపోవడం, మాట తడబడటం
- పసిబిడ్డ పాలు తాగకపోవడం, మగతగా పడి ఉండటం
- పాము కరవడం, పురుగుమందు తాగడం

ఇలాంటప్పుడు 108కి ఫోను చేయాలి. ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ దారిలో డాక్టరుకు ఫోను చేస్తే మంచిదే. కానీ ఫోను కోసం బయలుదేరడం ఆపకూడదు.

చీటీలో ఏం చూడాలి?

ఫోనులో చూసిన డాక్టరు మందుల చీటీని ఫోనుకే పంపుతారు. దాన్ని మందుల షాపులో చూపిస్తే మందులు ఇస్తారు. ఆ చీటీలో ఈ నాలుగూ ఉన్నాయా అని చూడాలి.

ఒకటి, డాక్టరు పేరు, చదువు, సంతకం.

రెండు, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు. డాక్టరు చదువు పాసయినవారి పేరును వైద్య మండలి తన పుస్తకంలో రాసుకుని ఒక నంబరు ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్, తెలంగాణలో తెలంగాణ మెడికల్ కౌన్సిల్ ఈ పని చేస్తాయి. చీటీ మీద, రసీదు మీద ఆ నంబరు ఉండాలని నియమం.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా గమనించాలి. మన ఊళ్ళలో ఆర్.ఎం.పి. డాక్టరు అంటాం. సూదులు వేస్తాడు, గ్లూకోజు ఎక్కిస్తాడు. డాక్టరు చదువు చదవని వాళ్ళను కూడా మనం అలాగే పిలుస్తాం. ప్రభుత్వ నియమాలలోనూ ఆర్.ఎం.పి. అనే మాట ఉంది. కానీ అక్కడ దాని అర్థం వేరు. వైద్య మండలిలో రిజిస్టరయిన డాక్టరు అని అర్థం. అక్షరాలు అవే, మనిషి వేరు. కాబట్టి అక్షరాలు చూసి మోసపోకూడదు. నంబరు చూడాలి.

మూడు, రోగి పేరు, వయసు, తేదీ. వేరేవాళ్ళ చీటీతో మందు వాడకూడదు.

నాలుగు, మందు పేరు, ఎన్ని రోజులు, ఏ పూట. మందు పేరు ఇంగ్లీషులో ఉంటుంది. "నాకు ఇంగ్లీషు రాదే" అనుకోకండి. అంకెలు మీకు వచ్చు.

చీటీలో 1-0-1 అని రాసి ఉంటే ఏమిటి? పొద్దున ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి. 0-0-1 అంటే రాత్రి మాత్రమే ఒకటి.

మందు పేరు పక్కన 5, 50, 500 వంటి అంకె ఉంటుంది. అది ఒక్క బిళ్ళలో మందు ఎంత ఉందో చెబుతుంది. బిళ్ళల అట్ట మీద కూడా ఆ అంకె ఉంటుంది. రెండూ ఒకటేనా అని చూడాలి.

మన కోడలు అదే చేసింది. డాక్టరమ్మ పంపిన చీటీలో షుగరు బిళ్ళ పక్కన 500 అని ఉంది. షాపు అబ్బాయి ఇచ్చిన అట్ట మీద 1000 అని ఉంది.

"తమ్ముడూ, ఇందులో ఐదు వందలుంది. దీని మీద వెయ్యి ఉంది" అన్నది కోడలు.

షాపు అబ్బాయి చీటీ చూశాడు. అట్ట చూశాడు. "పొరపాటయిందక్కా" అని మార్చి ఇచ్చాడు. ఆ అట్ట ఇంటికి వచ్చి ఉంటే అత్త రోజూ రెండింతల మందు మింగేది.

తెలుసుకోవలసిన నియమాలు

2020 నాటి నియమాలలో మనకు పనికొచ్చేవి ఇంకొన్ని ఉన్నాయి.

డాక్టరు ముందుగా తన పేరు, చదువు చెప్పాలి. రోగి ఎవరో, వయసెంతో అడిగి తెలుసుకోవాలి. పిల్లలను చూపించేటప్పుడు పక్కన పెద్దవాళ్ళు ఉండాలి.

జ్వరం బిళ్ళ, ఓ.ఆర్.ఎస్. పొట్లం వంటివి మామూలు ఫోనులో కూడా చెప్పవచ్చు. మొదటిసారి చూసే రోగికి మిగతా మందులు రాయాలంటే వీడియోలో చూసి రాయాలి. మత్తుకు అలవాటు చేసే కొన్ని మందులను ఫోనులో అసలు రాయకూడదు.

మందు రాసేది మనిషే కావాలి. కంప్యూటరు తనంతట తాను మందు రాయకూడదు.

ఫోను వైద్యం వద్దు, ఎదురుగానే చూపించుకుంటాను అనే హక్కు రోగికి ఎప్పుడూ ఉంది.

మన జబ్బు సంగతి, మన ఫోటో డాక్టరు దగ్గరే ఉండాలి. ఇంకెవరికీ చూపకూడదు. మనవైపు కూడా జాగ్రత్త కావాలి. ఆడవాళ్ళ జబ్బులు నలుగురి మధ్య చెప్పుకోలేం. ఫోనేమో భర్తదో, కొడుకుదో అయి ఉంటుంది. అందుకని మాట్లాడేటప్పుడు తలుపు వేసుకుని మాట్లాడవచ్చు. "నా పక్కన మనుషులున్నారు, మళ్ళీ చేస్తాను" అని డాక్టరమ్మకు చెప్పవచ్చు.

ఇంకో హెచ్చరిక. "పెద్ద ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాం. మీ ఫోనుకు వచ్చిన నంబరు చెప్పండి" అని ఎవరైనా అడిగితే చెప్పకండి. ఆ నంబరును ఓ.టి.పి. అంటారు. అది ఇంటి తాళంచెవి వంటిది. జబ్బు నయం చేయడానికి ఏ డాక్టరుకూ మీ బ్యాంకు తాళంచెవి అక్కర్లేదు.

పెద్ద ఫోను లేనివాళ్ళు ఏం చేయాలి?

వీడియో ఫోను అందరి దగ్గరా ఉండదు. అందరూ ఫీజు ఇచ్చుకోలేరు. వారికి ప్రభుత్వ దూర వైద్యం ఉంది. దాని పేరు ఇ-సంజీవని. 2019 నవంబరులో మొదలయింది. దేశంలో మొట్టమొదట మొదలుపెట్టింది ఆంధ్రప్రదేశే. 2023 ఫిబ్రవరికి దేశం మొత్తం మీద పది కోట్ల సార్లు దీని ద్వారా డాక్టర్లు రోగులను చూశారు.

ఊళ్ళోని ఆరోగ్య ఉపకేంద్రానికి గాని, పల్లె దవాఖానాకు గాని వెళ్ళి అడగాలి. అక్కడి నర్సమ్మ బి.పి. చూసి, తన దగ్గరున్న కంప్యూటరులో దూరాన ఉన్న డాక్టరును చూపిస్తుంది. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. మనసు బాగోలేనప్పుడు, బతుకు మీద విరక్తి కలిగినప్పుడు మాట్లాడటానికి 14416 అనే నంబరు ఉంది. దాని పేరు టెలి-మానస్. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. దీనికీ డబ్బు అక్కర్లేదు. మామూలు బటన్ల ఫోను చాలు.

మళ్ళీ అత్త దగ్గరికి

అత్త కాలి పుండు మానింది. ఇప్పుడు ఆమె రోజూ రాత్రి కాళ్ళు కడుక్కుని, దీపం దగ్గర కూర్చుని అరికాళ్ళు చూసుకుంటుంది. చెప్పులు లేకుండా పొలానికి పోదు.

పక్కింటామె ఒకరోజు అడిగింది: "ఏం వదినా, ఫోనులోనే వైద్యం అంటగా? ఇంక ఆసుపత్రికి పోనక్కర్లేదా?"

అత్త ఇలా చెప్పింది: "ఫోనులో డాక్టరమ్మ మనం చెప్పిందే వింటుంది. మనం చూపించిందే చూస్తుంది. నేను గుడ్డ చుట్టి దాచాను. నా కోడలు చెప్పబట్టి కాలు దక్కింది. దాచుకునేదానివైతే బస్సెక్కి పో. దాచకుండా చెప్పేదానివైతే ఫోను చెయ్యి. రమ్మంటే మాత్రం కోతలు చూసుకోకుండా పో."

చదివాక మాట్లాడుకోండి

1. మీ ఊరి నుంచి డాక్టరు దగ్గరికి వెళ్ళి రావడానికి ఎంత సమయం, ఎంత ఖర్చు అవుతుంది?
2. అత్తకు నొప్పి లేదంటే డాక్టరమ్మ ఎందుకు భయపడ్డారు?
3. మీ ఇంట్లో ఉన్న ఒక మందుల చీటీ తీయండి. అందులో డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉందా? ఏ పూట ఎన్ని బిళ్ళలో చదవగలరా?
4. చీటీ మీది అంకె, బిళ్ళల అట్ట మీది అంకె ఒకటేనా? సరిచూడండి.
5. 108, 14416. ఈ రెండు నంబర్లను పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి.